శాఖా గ్రంథాలయంలో 9–12 ఏళ్ళ పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలోని శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళ కోసం, సాయంత్రాలు వచ్చి సాయం చేసే టీచర్ల కోసం, పిల్లల్ని లైబ్రరీకి పంపే తల్లిదండ్రుల కోసం రాసిన పేజీ ఇది. నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి దాకా చదివే పిల్లలే ఇందులో విషయం.

చిన్నపిల్లల విభాగం ఉంది కదా, ఈ వయసువాళ్ళ గురించి విడిగా ఎందుకు ఆలోచించాలి?

ఆ విభాగం తమది కాదని వాళ్ళే అనుకుంటారు కాబట్టి. అయిదో తరగతి అబ్బాయిని ఒకటో తరగతి చెల్లెలి పక్కన చిట్టి కుర్చీలో కూర్చోమనండి, రేపటి నుంచి రాడు. పెద్దల బీరువా ముందు నిలబడితే మనమే "ఏరా, ఇక్కడ నీకేం పని?" అంటాం. ఇక వాడు ఎక్కడికి పోవాలి?

పైగా బరువంతా ఒక్కసారి మీద పడే వయసు ఇది. గురుకులం, నవోదయ, సైనిక్ స్కూలు ఎంట్రన్సులకి కోచింగ్ ఇప్పుడే మొదలవుతుంది. సైన్సు, సోషల్ పాఠాలు పొడుగవుతాయి. బడి నుంచి ట్యూషన్, ట్యూషన్ నుంచి హోంవర్క్. సరదా కోసం పుస్తకం పట్టుకునే అలవాటు చాలామంది పిల్లల్లో ఈ మూడు నాలుగేళ్ళలోనే తెగిపోతుంది. అది తెగకుండా చూడటం మన పని. అందుకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా బాగా పనిచేసేది, ఏం చదవాలో వాళ్ళని ఎంచుకోనివ్వడం. బడిలో, ఇంట్లో, ట్యూషన్‌లో ఏం చదవాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. చెప్పని చోటు ఊళ్ళో ఒక్కటైనా ఉండాలి. కింద చెప్పే సలహాలన్నీ ఈ నమ్మకంతో చెబుతున్నవే.

మాది ఒకటే గది. వీళ్ళకి చోటు ఎక్కడ చూపించాలి?

ఒక మూల చాలు. ఒక బెంచీ, రెండు అరలు, వీలైతే కిటికీ పక్కన. మీ టేబుల్ దగ్గర నుంచి కనిపించేలా ఉంటే చాలు, మరీ మీ ముక్కు కింద ఉండక్కర్లేదు. కింద చాప వేస్తే ఇంకా మంచిది. ఈ వయసు పిల్లలు బోర్లా పడుకుని చదవడానికి ఇష్టపడతారు, చదవనివ్వండి.

ముఖ్యంగా ఆ అరలకి తాళం వేయకండి. మన శాఖల్లో పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో తాళం వెనక ఉండటం మామూలైపోయింది. పోతాయని భయం. కానీ అద్దంలోంచి పేరు చూసి, మీ దగ్గరికొచ్చి, పదిమంది పెద్దవాళ్ళ ముందు "ఆ పుస్తకం కావాలండి" అని అడిగే ధైర్యం పదేళ్ళ పిల్లకి ఎక్కడుంటుంది? పుస్తకాలు ఒకటో రెండో పోతే పోతాయి. తాళం వెనక ఉన్నవి అన్నీ పోయినట్టే లెక్క.

పుస్తకాల్ని వీపులు కనిపించేలా ఇరికించకుండా, కొన్నిటినైనా అట్ట ఎదురుగా కనిపించేలా నిలబెట్టండి. 'బాలల విభాగం' అనే బోర్డు తీసేసి, ఆ మూలకి ఏ పేరు పెట్టాలో వాళ్ళనే తేల్చుకోమనండి. ఈ పేరు గొడవ ఒక వారం నడుస్తుంది. నడవనివ్వండి, ఆ వారమంతా వాళ్ళు లైబ్రరీలోనే ఉంటారు.

పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు గోల భరించలేకపోతున్నామంటున్నారు. ఏం చేయాలి?

వాళ్ళ బాధ నిజమే. డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షకి చదివే కుర్రాళ్ళకి ఇంట్లో ఫ్యాను కింద ఒక టేబుల్, నాలుగు గంటల నిశ్శబ్దం దొరకవు. వాళ్ళకి లైబ్రరీ ఎంత అవసరమో పిల్లలకీ అంతే. ఒకరి కోసం ఇంకొకర్ని పంపేయడం న్యాయం కాదు.

వేళలు పంచండి. బడి వదిలిన దగ్గర నుంచి గంటన్నర పిల్లలది అని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ముందే తెలిస్తే పెద్దవాళ్ళు ఆ గంటన్నరకి తగ్గట్టు తమ చదువు సర్దుకుంటారు. టెన్షన్ అంతా ఎప్పుడు గోల మొదలవుతుందో తెలియకపోవడం వల్లే. పరీక్షల నెలల్లో మాత్రం పిల్లల్ని వరండాలోకి మార్చండి. వరండా లేని శాఖల్లో పంచాయతీ వాళ్ళనో పక్కనున్న బడినో అడిగితే ఒక గంటకి గది ఇస్తారు.

'నిశ్శబ్దం పాటించండి' బోర్డు పిల్లల మూలలో వద్దు. 'మెల్లగా మాట్లాడుకోవచ్చు' అని పెట్టండి. ఇద్దరు పిల్లలు ఒకే పుస్తకం మీద తల వంచి గుసగుసలాడుకుంటుంటే, అదీ చదువే.

వీళ్ళ కోసం ఏ పుస్తకాలు పెట్టాలి?

కథల పుస్తకాలే ముందు గుర్తొస్తాయి మనకి. కథలు కావాలి, సందేహం లేదు. కానీ ఈ వయసులో చాలామంది మొదట చెయ్యి చాపేది నిజం సంగతులు చెప్పే పుస్తకాల కోసం. పాములు, తిమింగలాలు, అగ్నిపర్వతాలు, రాకెట్లు, క్రికెట్ రికార్డులు, మేజిక్ ట్రిక్కులు.

ఏ శాఖలోనైనా పాముల పుస్తకం ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కట్లపాము బొమ్మ ఉన్న పేజీ దగ్గర కుట్టు వదులై ఉంటుంది. పేజీ అంచు వేలిముద్రలతో నల్లబడి ఉంటుంది. రక్తపింజర బొమ్మ పక్కన ఎవరో పెన్సిల్‌తో 'మా చేలో చూసాం' అని రాసి ఉంటారు. వరి కోతలప్పుడు, కొబ్బరి తోటల్లో ఆకులు ఏరేటప్పుడు ఈ పిల్లలకి పాములు నిజంగానే ఎదురవుతాయి. జెర్రిపోతుని చూసి పారిపోవాలా, నీరుకట్టె కరిస్తే ఏమవుతుంది, వాళ్ళకి ఇవి పరీక్షలో వచ్చే ప్రశ్నలు కావు. ఆ పుస్తకం చిరిగిపోయిందని బీరువా పైకి ఎక్కించేయకండి. అతికించి మళ్ళీ అరలో పెట్టండి, ఇంకో కాపీ తెప్పించండి.

కొత్తవి కొనే ముందు మీ దగ్గరున్నవి వెతకండి. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ వర్గీకరణలో ఖగోళం 520 దగ్గర, జంతువులు 590 దగ్గర, జానపద కథలు 398 దగ్గర, ఆటలు 796 దగ్గర ఉంటాయి. ఆ నంబర్ల దగ్గర, పెద్దల బీరువాల్లో, బొమ్మలతో తేలికగా రాసిన పుస్తకాలు నాలుగైదు ఎప్పుడూ దాక్కుని ఉంటాయి. వాటిని ఏరి పిల్లల అరలోకి తెచ్చేయండి, రిజిస్టర్‌లో చోటు మార్చినట్టు రాసుకోండి. పైసా ఖర్చు లేదు.

అదే పూటలో తీసేయాల్సినవి కూడా తీసేయండి. ప్లూటోని 2006లో గ్రహాల జాబితా నుంచి తప్పించారు. ఇంకా తొమ్మిది గ్రహాలంటున్న పుస్తకం అరలో ఉంటే ఆరో తరగతి పిల్లకి మన మీద నమ్మకం పోతుంది. అమలాపురాన్ని ఇంకా తూర్పు గోదావరి జిల్లాలో చూపించే మ్యాపులూ అంతే. 2022 ఏప్రిల్ నుంచి అది కోనసీమ జిల్లా కేంద్రం.

సొంత ప్రాంతం గురించిన పుస్తకాలు పిల్లలు బాగా అడుగుతారు. కోరింగ మడ అడవుల్లో తిరిగే బావురు పిల్లి, హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు, కొల్లేటికి వచ్చే గూడబాతులు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. వీటి మీద పిల్లలకి పనికొచ్చే తెలుగు పుస్తకాలు చాలా తక్కువ. కాబట్టి ఫైలు తయారుచేయించండి. పాత దినపత్రికల జిల్లా పేజీల్లో వచ్చిన వార్తలు, ఫోటోలు పిల్లలే కత్తిరించి, తేదీ వేసి, అంటించాలి. ఏడాది తిరిగేసరికి మీ శాఖలో అందరికన్నా ఎక్కువగా తిరగేసే పుస్తకం అదే అవుతుంది.

దెయ్యాల కథలు అడుగుతారు. ఇవ్వండి. భాగాలుగా వచ్చే సిరీస్ కొంటే మొత్తం కొనండి, మూడో భాగం లేకపోతే పిల్లలు అక్కడే ఆగిపోతారు.

కామిక్స్, బొమ్మల కథలు చదివితే చదివినట్టేనా?

చదివినట్టే. బొమ్మనీ మాటనీ కలిపి అర్థం చేసుకోవడం, గళ్ళ మధ్య ఏం జరిగిందో ఊహించుకోవడం తేలిక పనేమీ కాదు. చదివిందే మళ్ళీ మళ్ళీ చదవడం కూడా ఈ వయసులో మామూలే. దాని గురించి తల్లిదండ్రులు కంగారు పడక్కర్లేదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు తడబడుతూ చదువుతున్నారు. ఇంగ్లీషూ అంతంత మాత్రమే. వాళ్ళకి ఏం ఇవ్వాలి?

ఇప్పుడు డెల్టా అంతటా ఇదే మాట వినిపిస్తోంది. మన సర్కారు బళ్ళలో 2020–21 నుంచి ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. అలాంటి రెండు భాషల కథల పుస్తకాలు కూడా దొరుకుతాయి, అవి పెట్టండి. పిల్లలు ఒక పేజీ ఇందులో, ఒక పేజీ అందులో దొర్లుకుంటూ పోతారు.

కష్టం అక్కడ కాదు, సిగ్గు దగ్గర. ఏడో తరగతి అబ్బాయికి రెండో తరగతి స్థాయి పుస్తకమే చదవడం వచ్చు. అది చేతిలో పట్టుకుని కనిపించడం కంటే లైబ్రరీకి రాకపోవడమే వాడికి నయం. అలాంటి వాడితో "మీ చెల్లికి రోజూ ఒక కథ చదివి వినిపిస్తావా? ఈ అయిదు తీసుకెళ్ళు" అనండి. ఇప్పుడు ఆ చిన్న పుస్తకాలు చెల్లి కోసం. చెల్లి లేకపోతే పక్కింటి పాప. వాడు పెద్దవాడిలా తీసుకెళతాడు, గట్టిగా చదువుతాడు, వారానికోసారి మార్చుకెళతాడు. కొన్నాళ్ళకి తన కోసం కూడా ఒకటి అడుగుతాడు. అప్పుడు ఏమీ అనకుండా ఇచ్చేయండి.

వారానికి ఒక సాయంత్రం మీరే ఒక అధ్యాయం గట్టిగా చదివి, కథ మంచి పట్టులో ఉండగా ఆపేయండి. పన్నెండేళ్ళ వాళ్ళు కూడా వింటారు. వినడం లేదన్నట్టు గోడకి ఆనుకుని నిలబడి వింటారు, అంతే.

పుస్తకం పిల్లవాడి స్థాయికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు అయిదు వేళ్ళూ ముడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి కాస్త కష్టం. అయినా కావాలంటే ఇచ్చేయండి. బొమ్మలు చూసి తెస్తాడు, నష్టమేమీ లేదు.

"మంచి పుస్తకం ఏదైనా ఇవ్వండి" అని అడిగితే?

"నువ్వే క్లాసు?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. "ఏ సబ్జెక్టు ఇష్టం?" కూడా వద్దు, అది బడి ప్రశ్న. "ఈమధ్య నీకు బాగా నచ్చింది ఏదైనా చెప్పు. సినిమా అయినా పర్లేదు, ఆట అయినా పర్లేదు" అనండి. నచ్చింది చెప్పడానికి మొహమాటపడితే నచ్చనిది అడగండి, అది గబగబా చెప్పేస్తారు.

ఆ తర్వాత మూడు పుస్తకాలు తీసి బెంచీ మీద పెట్టండి. ఒక్కటే ఇస్తే అది ఆజ్ఞలా ఉంటుంది, పది ఇస్తే తేల్చుకోలేరు. ఒక్కోదాని గురించి ఒక్క ముక్క చెప్పండి: "ఇందులో ఒకమ్మాయి పడవలో తప్పిపోతుంది", "ఇది అన్నీ పొడుపుకథలు". చెప్పి, వెనక్కి వచ్చేయండి. పక్కనే నిలబడి చూస్తుంటే పిల్లలు మీకు నచ్చుతుందనుకున్నదే తీసుకుంటారు. సగం చదివి తిరిగిచ్చేస్తే "ఎందుకు పూర్తి చేయలేదు?" అనకండి. నచ్చని పుస్తకాన్ని మూసేసే హక్కు పెద్దవాళ్ళకి ఉన్నట్టే వాళ్ళకీ ఉంది.

మా అబ్బాయి ఏ పుస్తకాలు తీసుకెళుతున్నాడో రిజిస్టర్ చూసి చెబుతారా?

తల్లిదండ్రులు ప్రేమతోనే అడుగుతారు. "మీ అబ్బాయినే అడగండమ్మా, చెబుతాడు" అనడం మంచి జవాబు. పుస్తకం ఆలస్యమైతే ఎన్ని పుస్తకాలు రావాలో చెప్పండి, పేర్లు అక్కర్లేదు. రిజిస్టర్ కౌంటర్ మీద తెరిచి పెట్టి వదిలేస్తే ఊరంతా చదువుతుంది. సంతకం పెట్టించుకునేటప్పుడు మిగతా వరుసల మీద ఒక అట్టముక్క కప్పండి.

ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించిన పుస్తకాలు పెట్టవచ్చా? ఊళ్ళో గొడవ అవుతుందేమో?

పెట్టాలి. మన వైపు అమ్మాయి పెద్దమనిషైతే ఫ్లెక్సీలు కట్టి ఊరంతా భోజనాలు పెడతారు. ఆ అమ్మాయికి మాత్రం అసలేం జరిగిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పదేళ్ళకే నెలసరి మొదలైన పిల్లలున్నారు. మగపిల్లలకైతే చెప్పే దిక్కే లేదు, ఫోన్లో చూసిందే నిజమనుకుంటారు.

డాక్టర్లు రాసిన, మర్యాదగా, సూటిగా చెప్పే తెలుగు పుస్తకాలు ఎంచుకోండి. వాటిని ఆరోగ్యం పుస్తకాల మధ్య, ఎవర్నీ అడగకుండా తీసుకునే చోట పెట్టండి. కౌంటర్ దగ్గరికి తెచ్చినప్పుడు నవ్వకండి, కళ్ళెగరేయకండి, ఏ వ్యాఖ్యా చేయకండి. అమ్మానాన్నలు వచ్చి అడిగితే పుస్తకం వాళ్ళ చేతికే ఇచ్చి ఒకసారి చదవమనండి. ఏఎన్ఎం గారిని, ఆశా కార్యకర్తని ముందే పిలిచి చూపిస్తే ఇంకా మంచిది, ఊళ్ళో వాళ్ళ మాటకి విలువ ఉంటుంది.

సభ్యత్వం ఎలా? అమ్మ గల్ఫ్‌లో ఉంది, నాన్న ఊళ్ళో ఉండడు, సంతకం ఎవరు పెట్టాలి?

లైబ్రరీలో కూర్చుని చదవడానికి సభ్యత్వమే అక్కర్లేదు, ఈ సంగతి ముందు పిల్లలకి చెప్పండి. ఇంటికి తీసుకెళ్ళడానికే కార్డు, డిపాజిట్. ఆ డిపాజిట్ సభ్యత్వం మానుకున్నప్పుడు తిరిగి ఇచ్చేదే.

కోనసీమలో అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో పెరిగే పిల్లలు ఎక్కువ. ఇంట్లో చూసుకునే పెద్దవాళ్ళ సంతకం సంరక్షకుల సంతకంగా తీసుకోండి. అమ్మమ్మకి చదువు రాకపోతే ఫారం ఆవిడకి చదివి వినిపించండి. "లైబ్రరీకి డబ్బులెందుకు కట్టాలండి?" అని ఎవరైనా అంటే, వాళ్ళు ఇప్పటికే కడుతున్నారని చెప్పండి: 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఈ లైబ్రరీ వాళ్ళ డబ్బుతో నడుస్తున్నదే.

డిపాజిట్ కట్టలేని పిల్లల కోసం ఊళ్ళో పెద్దలు ఎవరినైనా అడగండి. పుట్టినరోజుకో పెళ్ళిరోజుకో నలుగురు పిల్లల డిపాజిట్ కట్టేవాళ్ళు మన ఊళ్ళలో దొరుకుతారు. ఎవరి డిపాజిట్ ఎవరు కట్టారో మాత్రం పిల్లల ముందు చదవకండి.

కొత్త పుస్తకాలకి నిధులు లేవు. ఎలా?

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసుకునే అనుమతి కూడా ఉంది. వాటిలో పై స్థాయి కథలు ఈ వయసుకి సరిపోతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తక్కువ ధరకి వస్తాయి. ఇక దానంగా ఇచ్చే పుస్తకాల సంగతి: పాత గైడ్లు, చెదలు పట్టిన టెస్ట్ పేపర్లు మర్యాదగా వద్దనండి. పిల్లలు అడిగిన పుస్తకాల జాబితా గోడకి అంటించి, "వీటిలో ఒకటి కొనివ్వండి" అనండి.

ఎలాంటి కార్యక్రమాలు పెట్టాలి?

కార్యక్రమం అనగానే వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ అంటాం. ప్రతి ఏడూ అదే ముగ్గురికి బహుమతులు వస్తాయి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లోనైనా పోటీ లేనివి రెండు పెట్టండి. ఆ తేదీకి మనవాళ్ళతో సంబంధం ఉంది. 1919 నవంబర్ 14న మద్రాసులో మొదటి అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక కష్టపడిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది తూర్పు గోదావరి కొంకుదురులో. పిల్లలకి ఈ కథ చెప్పండి.

మీరు దగ్గర ఉండక్కర్లేని పనులు ఈ వయసుకి బాగా నప్పుతాయి. రెండు పుస్తకాలు ఎదురెదురుగా పెట్టి, ఏది బాగుందో చీటీ రాసి డబ్బాలో వేయమనండి. చీటీ మీద పేరు వద్దు. 'ఈ పుస్తకం ఎవరూ చదవకండి, బోరు' అనే చీటీ వచ్చినా గోడ మీద పెట్టండి. అలాంటి చీటీ చూసి ఆ పుస్తకం ఎంత బోరో చూద్దామని తీసుకెళ్ళే పిల్లలు కచ్చితంగా ఉంటారు.

నాకు బాగా ఇష్టమైనది కాలువ మ్యాపు. మన ఊరి బోదెలో, అంటే పొలాలకి నీళ్ళు పారే చిన్న కాలువలో, నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? పెద్ద చార్టు మీద ఆ బోదెతో మొదలుపెట్టి, పిల్ల కాలువ, పెద్ద కాలువ, లాకులు గీసుకుంటూ ధవళేశ్వరం దాకా వెళ్ళాలి. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువ ఎలా దాటుతుందో, అక్కడ కాలువని మోసే వంతెనకి (అక్విడెక్టు) డొక్కా సీతమ్మ గారి పేరు ఎందుకు పెట్టారో వాళ్ళే కనుక్కోవాలి. పుస్తకాల్లో దొరకనివి నీటి సంఘం పెద్దల్ని, కాలువ చూసుకునే లస్కర్‌ని అడిగి రాసుకురావాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మొదలుపెడితే జూన్‌లో నీళ్ళు వదిలేనాటికి పూర్తవుతుంది. వేసవి విజ్ఞాన శిబిరానికి ఇంతకన్నా మంచి పని నాకు తోచలేదు.

సంక్రాంతి ముందు వెదురు బద్దలు, రంగు కాగితాలతో చిన్న ప్రభలు (తీర్థానికి ఊరేగించే అలంకరించిన చట్రాలు) కట్టించవచ్చు. కనుమనాడు ప్రభలన్నీ చేరే జగ్గన్నతోట తీర్థం గురించి తాతలు చెప్పింది పిల్లలు రాసుకుంటే అది కూడా ఫైల్లో చేరుతుంది.

ఏ కొత్త పుస్తకాలు కొనాలో, ఏ కార్యక్రమం పెట్టాలో తేల్చడానికి పిల్లల్లోంచి ఆరుగుర్ని కూర్చోబెట్టండి. మూడు నెలలకోసారి మార్చండి. మార్కులు బాగా వచ్చేవాళ్ళనే ఎంచుకోకండి. వాళ్ళు అడిగిన వాటిలో కనీసం కొన్నైనా నిజంగా కొనాలి, లేకపోతే ఇంకోసారి నోరు విప్పరు.

పిల్లలు ఫోన్ తెచ్చుకుంటే?

చార్జింగ్ పెట్టుకోవడానికే వస్తారు కొందరు. రానివ్వండి. ఇయర్‌ఫోన్ లేకుండా శబ్దం వద్దని చెబితే చాలు.

ఆడపిల్లలు ఏడో తరగతికి రాగానే రావడం మానేస్తున్నారు. ఎందుకు?

ఈ ప్రశ్న ఎవరూ పెద్దగా అడగరు, అందరూ అడగాలి. రిజిస్టర్ తిరగేస్తే తెలుస్తుంది. అయిదో తరగతిలో ఆడపిల్లల పేర్లు వరుసగా ఉంటాయి, తర్వాత ఒక్కొక్కటే మాయమవుతుంది. చదువు మీద ఇష్టం పోయి కాదు. చీకటి పడే వేళ, గుమ్మం దగ్గర బైకులు వేసుకుని కూర్చునే కుర్రాళ్ళు, పెద్దమనిషయ్యాక ఇంట్లో ఆంక్షలు, తమ్ముడిని చూసుకునే పని. అన్నిటికీ మించి, లైబ్రరీలో గడియ పడే బాత్రూం లేకపోవడం. నాలుగు అరలు కొత్తవి చేయించే డబ్బుంటే ముందు ఆ గడియ, నీళ్ళు, లైటు చూడండి.

చాలా శాఖలకి వారం సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. ఆదివారం ఉదయం ఆడపిల్లల కోసం కేటాయిస్తే నలుగురైదుగురు కలిసి వస్తారు. గుమ్మం దగ్గర కుర్రాళ్ళతో మీరే మాట్లాడాలి, ఆ పని పిల్లల మీద వదలకండి. అమ్మలకి కూడా కార్డులు చేయించండి. డ్వాక్రా మీటింగుకి వెళ్ళి ఒకసారి చెబితే చాలు. వంటల పుస్తకం కోసం అమ్మ వస్తే కూతురికి దారి దొరుకుతుంది. అస్సలు రాలేని పిల్లకి స్నేహితురాలి చేతికి పుస్తకం ఇచ్చి పంపండి. రూలు ఒప్పుకోదంటారా, స్నేహితురాలి కార్డు మీదే రాసుకోండి.

వరదలప్పుడు లంక ఊళ్ళ పిల్లలకి పుస్తకాలు ఎలా?

గోదావరి పాయల మధ్య ఉన్న లంకలకి జూలై, ఆగస్టుల్లో కాజ్‌వే (నదిలో వేసిన తక్కువ ఎత్తు రోడ్డు) మునిగితే పడవే దారి. ఆ రోజుల్లో పుస్తకాల కోసం ఎవరినీ నది దాటించకూడదు, కాబట్టి జూన్‌లోనే ఒక ట్రంకు పెట్టెలో పుస్తకాలు లంకలోని బడికో, ఎత్తైన అరుగున్న ఇంటికో పంపించేయండి. అక్కడ పుస్తక నిక్షిప్త కేంద్రం (శాఖ నుంచి పుస్తకాలు తెచ్చి ఉంచే చిన్న కేంద్రం) ఉంటే దాని ద్వారానే పంపవచ్చు. లోపల ప్లాస్టిక్ షీటు వేయండి. నీళ్ళు తీశాక పెట్టె వెనక్కి తెప్పించి, పుస్తకాలు మార్చి మళ్ళీ పంపండి. 1935లో కృష్ణా డెల్టాలో బ్యాంక్ కాలువ మీద పాతూరి నాగభూషణం గారు పడవలోనే లైబ్రరీ నడిపించారు. మనకి ట్రంకు పెట్టె పెద్ద పనేం కాదు.

బడి వరద శిబిరమైతే అక్కడికి కూడా కొన్ని పట్టుకెళ్ళండి. చీట్లు, సంతకాలు వద్దు. శిబిరంలో రోజంతా పిల్లలకి చేయడానికి ఏమీ ఉండదు.

పిల్లల భద్రతకి ఏం చూసుకోవాలి?

సాయానికి వచ్చేవాళ్ళు ఎంత తెలిసినవాళ్ళైనా, ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో మూసిన గదిలో ఉండకూడదు. తలుపు తెరిచే ఉంచాలి. ఎవరైనా పిల్ల తన మీద ఏదో జరుగుతోందని చెబితే వినండి, నమ్మండి, గుచ్చి గుచ్చి అడగకండి, ఊళ్ళో పెద్దలతో రాజీకి పోకండి. చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, అది మన ఇష్టానికి వదిలిన విషయం కాదు.

లైబ్రరీ కాలువ గట్టు మీద ఉంటే, మూసే వేళ పిల్లల్ని గుంపుగా పంపండి.

మూసే వేళ అయింది, ఒక పిల్ల కోసం ఇంకా ఎవరూ రాలేదు. ఏం చేయాలి?

ఉండాలి. కార్డు మీద రాసుకున్న నంబరుకి ఫోన్ చేయండి. ఇంకొకరు కూడా మీతో ఉండేలా చూసుకుని, వరండాలో లైటు కింద కూర్చోండి. మీ బండి మీద ఒంటరిగా దింపకండి. అమ్మానాన్నలు వచ్చాక పిల్ల ముందు వాళ్ళని కోప్పడకండి.

పుస్తకం వానలో తడిసింది. పిల్లవాడు భయపడి దాచేశాడు. జరిమానా వేయాలా?

వద్దు. మన ఊళ్ళలో ఆరు నెలలు తేమే. దాచిపెట్టిన పుస్తకం రెండు రోజుల్లో బూజు పడుతుంది, అందుకే తడిసిన వెంటనే తెచ్చేస్తే ఏమీ అనరని పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. ఎండలో పెట్టకండి, అట్ట వంకర తిరుగుతుంది. పుస్తకాన్ని కొద్దిగా తెరిచి ఫ్యాను గాలికి నిలబెట్టండి. కొన్ని పేజీలకి ఒకటి చొప్పున పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, తడి పీల్చుకోగానే మార్చండి. నున్నటి ఆర్ట్ పేపర్ అయితే పేజీలు అతుక్కోకముందే విడదీయాలి, అతుక్కున్నాక ఇక రావు. పూర్తిగా ఆరాక రెండు అట్టల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి మూడు రోజులు ఉంచండి. కాస్త ఉబ్బి ఉంటుంది, పర్వాలేదు. ఈ పనంతా ఆ పిల్లవాడి చేతే చేయించండి, ఎలా చేయాలో పక్కన ఉండి చూపించండి. తర్వాతి వానాకాలం మిగతా పిల్లలకి వాడే నేర్పుతాడు.